యాష్ హార్వెస్ట్ వారి కోటు

నేను ఒక కోటును. మోకాళ్ళ కిందికి దిగే బూడిదరంగు ఉన్ని కోటును. హిట్లర్ కాలపు జర్మన్ సైనికుడి కోటు అనుకుని నన్ను చూసి జడుసుకున్నవాళ్ళున్నారు, మురిసిపోయినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ ఒకటే చెబుతున్నాను, నేను యుద్ధం మొహం చూడలేదు. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో, నాటకాలవాళ్ళకు దుస్తులు అద్దెకిచ్చే దుకాణంలో పుట్టాను. నన్ను కుట్టింది సాలమన్ అనే యూదు దర్జీ. ఒక హాస్య నాటకంలో తిక్క జర్మన్ సైనికాధికారి పాత్ర కోసం కుట్టాడు. కాలరు మీద పుర్రె బొమ్మ కుట్టాల్సి వచ్చినప్పుడు దాని దవడను కావాలనే వంకరగా కుట్టి, పంటిపోటు వచ్చిన ముసలాడిలా తయారుచేసి, తనలో తనే నవ్వుకున్నాడు. అతని అయినవాళ్ళు చాలామంది ఆ పుర్రె బొమ్మలు పెట్టుకున్న నాజీల చేతుల్లోనే పోయారు. ప్రతి ఆటలోనూ నా మీద బకెట్టెడు మైదాపిండి పడేది, జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. నేను గౌరవంగా బతికిన రోజులు అవే.

1982లో దుకాణం మూతపడింది. నన్ను కొనుక్కున్నవాడు ఏడ్రియన్ పెల్, ఒక బ్యాంకు మేనేజరు గారి అబ్బాయి, ఇరవైమూడేళ్ళవాడు. అంతకు రెండేళ్ళ ముందు అతను ఎర్రజెండా పట్టుకుని కార్మికుల పాటలు అరిచేవాడట. కార్మికులెవరూ వినలేదు. నన్ను తొడుక్కుని ఇరవై నిమిషాలు అద్దం ముందు నిటారుగా నిలబడ్డాడు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది. దుకాణంవాడు నా పుట్టుక గురించి చెప్పబోతే వినకుండానే బయటపడ్డాడు.

అలా పుట్టింది యాష్ హార్వెస్ట్ అనే బ్యాండు. గిటారు, పెద్ద డ్రమ్ము, వయొలిన్. పాత ఇంగ్లీషు జానపద బాణీలకు చావు, మంచు, యూరప్ పతనం లాంటి మాటలు తగిలించి, గొణిగినట్టు పాడడం. ఈ రకం సంగీతాన్ని నియోఫోక్ అంటారు. బాణీలన్నీ వయొలిన్ వాయించే గ్వెన్ థాక్రేవి. అవి నిజంగా మంచివి, ఆ విషయంలో నేను అబద్ధం చెప్పను. మాటలూ వేషాలూ ఏడ్రియన్‌వి. మొదటి రికార్డు అట్ట మీద నేను, వెనకాల పాడుబడ్డ కోట. మూడో రికార్డుకు ముఖానికి తెల్ల ముసుగు వచ్చింది. అయిదో రికార్డుకు ముసుగు మీద దుప్పికొమ్ములు మొలిచాయి. ఆ కొమ్ములు తలుపులకు తగులుకునేవి కాబట్టి మహానుభావుడు ఎక్కడికెళ్ళినా పక్కకు తిరిగి లోపలికి వచ్చేవాడు.

ఈ పుర్రె ఏమిటి, నువ్వు నాజీవా అని విలేకరులు అడిగితే అతను కిటికీలోంచి దూరంగా చూసేవాడు. రికార్డుల వెనక "మేము వివరణ ఇవ్వము" అని అచ్చువేయించాడు. అవునంటే ఒక రకం జనం పోతారు, కాదంటే ఇంకో రకం పోతారు. మనవాళ్ళు దీన్ని గోడ మీద పిల్లివాటం అంటారు, ఏడ్రియన్ కళ అనేవాడు. గ్వెన్ కూడా చాలా ఏళ్ళు అది కళేననుకుంది. పాపం చదువుకున్న మనిషి, అందుకే అంత ఆలస్యమైంది.

సౌండు చూసేవాడు యూసుఫ్, బ్రాడ్‌ఫర్డ్‌కు వలసవచ్చిన కుటుంబంవాడు. పన్నెండేళ్ళుగా బ్యాండుతోనే ఉన్నాడు. ఏడ్రియన్‌ది జలుబు చేసిన గేదె గొంతు. దాన్ని అడవిలోంచి వినబడే గొంతుగా మార్చినవి యూసుఫ్ వేళ్ళే.

మెల్లగా ముందు వరుసలోకి కొత్తరకం అభిమానులు చేరారు. గుండు గీయించుకున్నవాళ్ళు, నాలాంటి కోట్లు కుట్టించుకున్నవాళ్ళు. నా కాలరు మీది పుర్రెను మెడల మీద పచ్చబొట్టు పొడిపించుకున్నారు, సాలమన్ కుట్టిన ఆ వంకర దవడతో సహా. తెల్లజాతి గౌరవం అంటూ పంటిపోటు ముసలాణ్ణి మోసుకు తిరిగే వీళ్ళని చూసి నవ్వాలనుకున్నాను. నాటింగ్‌హామ్‌లో వాళ్ళలో ముగ్గురు, హాలు వెనక వైర్లు చుట్టుకుంటున్న యూసుఫ్‌ను ఆపి, మా బ్యాండులో నీలాంటివాడికి ఏం పని అని అడిగారు. జవాబు చెప్పేలోపే కొట్టారు. అతని ఎడమ చెవి కర్ణభేరి పగిలిపోయింది. చెవులే అన్నం పెట్టే మనిషికి అది చిన్న దెబ్బ కాదు. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు.

ఏడ్రియన్ ఆస్పత్రికి పూలగుత్తి పట్టుకుని వెళ్ళాడు. సిగ్గులేనివాడు, నన్ను వేసుకునే వెళ్ళాడు. వార్డులో మంచాల మీది, యుద్ధం చూసిన ముసలివాళ్ళు నన్ను చూసి మొహాలు గోడవైపు తిప్పుకున్నారు. గ్వెన్ అతణ్ణి వరండాలోకి లాక్కొచ్చింది.

"ఆదివారం స్టేజి మీద ఒక్క మాట చెప్పు. వాళ్ళు మనవాళ్ళు కాదని చెప్పు చాలు."

"మనం వివరణ ఇవ్వం గ్వెన్. ఒకటి చెప్పడం మొదలుపెడితే అన్నీ చెప్పాలి."

"మిగతావన్నీ నీ దగ్గరే ఉంచుకో. ఈ ఒక్కటీ చెప్పకపోతే యూసుఫ్ ఇంక మన హాల్లో అడుగుపెట్టలేడు. అతనికి వేరే పని కూడా రాదు."

చూద్దాంలే అన్నాడు. ఇంటికొచ్చి యూసుఫ్ మీద ఒక పాట రాశాడు. అందులో మంచు ఉంది, తోడేలు ఉంది, పగిలిన గంట ఉంది. యూసుఫ్ మాత్రం లేడు. పైగా ఆ పాటకు సౌండు కుదర్చమని యూసుఫ్‌కే ఫోన్ చేశాడు. ఆదివారం ఆ మాట చెప్పిస్తానని గ్వెన్ భరోసా ఇవ్వబట్టి అతను చెవిలో దూది పెట్టుకుని వచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం, షెఫీల్డ్‌లో ఒకప్పటి చర్చి హాలు. మూడువందలమంది జనం. ముందు వరుసంతా కోట్లు, పచ్చబొట్లు. కొట్టిన ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. యూసుఫ్ హాలు చివర, తన సౌండు బల్ల దగ్గర, కుడిచెవి స్టేజి వైపు తిప్పి నిలబడ్డాడు. ఏడ్రియన్ తోడేలు పాట పాడాడు. చప్పట్లు కొట్టారు. అతను వంగి దణ్ణం పెట్టి రెండో పాటకు గిటారు సవరించుకోసాగాడు.

గ్వెన్ వయొలిన్ కింద పెట్టింది. మైకు దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండానే, నాటింగ్‌హామ్‌లో యూసుఫ్‌ను కొట్టినవాళ్ళు మావాళ్ళు కాదని, ఈ హాల్లో ఉంటే లేచి వెళ్ళిపోవాలని చెప్పింది.

ఎవరూ లేవలేదు. ముందు వరుసవాళ్ళు ఆమె వైపు చూడనే లేదు, ఏడ్రియన్ వైపు చూశారు. అతని చెమటకు నా లోపలి గుడ్డంతా తడిసిపోయింది. గుండె దడదడ కొట్టుకుంటుంటే నా గుండీలు కదిలాయి. ఎంత వెధవాయి అయినా ఇప్పుడైనా మనిషవుతాడేమోనని నేను ఆశపడ్డాను. కోటుకు కూడా ఆశ ఉంటుంది.

పదిహేడేళ్ళలో ఏదీ తేల్చి చెప్పని ఏడ్రియన్ పెల్ మైకు దగ్గరికి వచ్చి, ఒక్క అక్షరం కూడా మింగకుండా తేల్చి చెప్పాడు.

"గ్వెన్ చెప్పింది ఆవిడ సొంత అభిప్రాయం. యాష్ హార్వెస్ట్‌కు దానితో సంబంధం లేదు."

ముందు వరుస లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. యూసుఫ్ బల్ల మీది మీటలన్నీ ఒక్కొక్కటే కిందికి దించేశాడు. గ్వెన్ వయొలిన్‌ను పెట్టెలో పెట్టుకుని స్టేజి దిగింది. ఇద్దరూ హాలు మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే కొందరు లేచి వెళ్ళారు, ఎక్కువమంది కూర్చునే ఉన్నారు. ఏడ్రియన్ పాట అందుకున్నాడు గానీ మూడో వరుస దాటి ఎవరికీ వినబడలేదు.

ఆట అయ్యాక ఆ ముగ్గురూ స్టేజి ఎక్కారు. మనోడివి అనిపించుకున్నావని అతని భుజాల చుట్టూ, అంటే నా భుజాల చుట్టూ, చేతులు వేశారు. ఏడ్రియన్ ఆ చేతులు తీసెయ్యలేదు. తీసెయ్యడానికి నాకు చేతులు లేవు, ఉన్నవి గుడ్డ గొట్టాలు.

ఇప్పుడతను వేల్స్ కొండల్లో మేకలు కాస్తూ, ప్రకృతి మీద పాటలు పాడుతున్నాడు. నన్ను అటక మీద ట్రంకుపెట్టెలో పడేశాడు. బట్టలు కొరికే పురుగులు పట్టాయి. అవి నన్ను భుజాల దగ్గర తినడం మొదలుపెట్టాయి. ఆ చేతులు పడ్డచోటు ముందు పోతోంది, నాకు అదే కావాలి.