నవ్వుకు మార్కులు

"నీ మొఖానికి మార్కులు తక్కువొచ్చినయ్," అన్నాడు మస్తాన్.

నేనప్పుడు మూడో గది బాత్రూంలో మోకాళ్ల మీద కూర్చుని బండల సందుల్లో పట్టిన పాచి రుద్దుతున్నాను. ముఖానికి మార్కులేమిటో అర్థం కాక తలెత్తి చూశాను. నా మగడి చేతిలో సెల్‌ఫోన్ ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది. సారు చాలాసేపు మాట్లాడి ఉంటాడు.

మన్ననూర్ దాటాక అడవి అంచున ఉన్న ఈ గెస్ట్‌హౌస్ హైదరాబాద్‌లో ఉండే శ్రవణ్ కుమార్ సారుది. మేం వంటింటి వెనక గదిలో ఉంటాం. జీతం మొగుడూ పెళ్లాలిద్దరికీ కలిపి అని సారు ఇస్తాడు, మస్తాన్ తీసుకుంటాడు. గదులు తుడవడం, దుప్పట్లు ఉతకడం, జొన్నరొట్టెలు చెయ్యడం, నాటుకోడి వండి వడ్డించడం, అన్నీ ఆ 'కలిపి' అన్న మాటలోకే వచ్చేస్తాయి.

ఈ ఎండాకాలం నుంచి సారు ఒక పద్ధతి పెట్టాడు. వచ్చినవాళ్లు ఇళ్లకు వెళ్లాక వాళ్ల కంప్యూటర్లకు ప్రశ్నలు పంపుతాడు. గది ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, బాత్రూం శుభ్రంగా ఉందా, పనివాళ్ల తీరెలా ఉంది. ఒక్కోదానికి ఐదు మార్కులు. కింద మనసులో మాట రాయడానికి కొంత జాగా. అన్నీ చూసుకుని నెలాఖరున ఫోన్ చేస్తాడు.

"తిండికి ఐదు. బాత్రూంకు ఐదు. నీ తీరుకు రెండే. వడ్డించేటామె నవ్వదని రాసిన్రంట."

నా కూర వేళ్లు నాకుతూ తిన్నవాళ్లు. నా ముందు ఒక్క మాట అనలేదు. చల్లగా ఇంటికి చేరి, అక్కడ కూర్చుని రాశారు.

"ఇంకేం రాసిన్రు?"

"కావ్య అని ఎవరో, 'ఆమె కూర్చోవడం ఒక్కసారి కూడా చూడలేదు' అని రాసిందంట. దానికి మార్కులు లెవ్వు. సారు ఊకె చదివిండు."

కావ్య నాకు గుర్తుంది. తిన్న పళ్లెం తనే నల్లా కింద పెట్టి కడుక్కున్న పిల్ల. వద్దమ్మా అంటే, "మీ చేతులు చూడండక్కా, నీళ్లలో ఎలా నానిపోయాయో" అంది. నా చేతులను ఎవరైనా చూడటం అదే మొదలు.

"వచ్చే నెల గూడ గిట్లనే ఉంటే అచ్చంపేట నుంచి వేరేటోళ్లను తెస్తడంట. జర నవ్వరాదు? నీదేం పోయింది?"

నాదేం పోయిందా? గది పోతే బిజినేపల్లిలో అత్త ఇంటికి పోవాలి. అక్కడికి పోతే ఎనిమిదో తరగతిలో ఉన్న మా బిడ్డ షాజియా బడి బంద్. 'ఆడివిల్లకు గీ సదువే శానా ఎక్కువ' అని అత్త ఎప్పుడో తేల్చేసింది. అదే అత్త, నా పెళ్లయిన కొత్తలో, "పండ్లు గనవడేటట్టు ఇకిలియ్యకు కుల్సుమ్, మంది ఏమనుకుంటరు?" అనేది. ఒకసారి నాగర్‌కర్నూల్ బస్సులో ముసలి కండక్టర్ చిల్లర ఇస్తూ ఏదో అంటే నవ్వాను. దిగాక బస్టాండులో అందరి ముందూ మస్తాన్ చెంప మీద కొట్టాడు. "ఎవడని నవ్వినవే?" అన్నాడు. ఆ తర్వాత నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. కొన్నాళ్లకు కొంగు అవసరం కూడా లేకుండా పోయింది. బావి ఏ రోజు ఎండిందో ఎవరికి తెలుస్తుంది? చేద వెళ్లి అడుగున తగిలినప్పుడే కదా.

ఇప్పుడు తగిలింది.

స్టీలు పళ్లెం ఎదురుగా పెట్టుకుని నవ్వడం నేర్చుకున్నాను. షాజియా వచ్చి చూసి, "అమ్మీ, పన్ను నొస్తుందా?" అంది.

ఆ నెలంతా నవ్వాను. ఉప్పు తక్కువన్నవాళ్లకూ, దుప్పటి మీద చాయ్ ఒలకబోసినవాళ్లకూ నవ్వాను. జ్వరంలోనూ నవ్వాను. పడుకునే వేళకు దవడలు లాగేవి. రొట్టెలు కొట్టీ కొట్టీ భుజాలు లాగితే ఆ నొప్పి నాది అనిపించేది. ఈ నొప్పి ఎవరిదో మోస్తున్నట్టుండేది.

నెలాఖరున మళ్లీ ఫోనొచ్చింది. మస్తాన్ అటువైపు మాటలు వింటూ మొదట సంబరంగా తలూపాడు. తర్వాత తలూపడం ఆగిపోయింది. ఫోన్ పెట్టేసి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఐదుకు ఐదొచ్చినయ్."

"మరింకేంది?"

"'ఆమె నవ్వు చూస్తే అలసటంతా పోయింది' అని ఒకడు రాసిండంట. ఎవడు వాడు?"

"నాకేం తెలుసు? అందరికీ నవ్విన. నువ్వే గద నవ్వుమన్నవ్."

"నవ్వుమన్న. వాడు ఇంటికి పోయి యాది చేసుకునేటంత నవ్వుమన్ననా?"

చెయ్యి లేచింది. అంతలో బడి సంచీతో షాజియా వాకిట్లోకి వచ్చింది. చెయ్యి దిగిపోయింది. అల్లా దయ అనుకున్నాను. ఎప్పుడూ అలాగే అనుకుంటాను. దెబ్బ తప్పితే దయ అనుకోవడం నా అలవాటు. ఆ అలవాటు మీద నాకు మొదటిసారి అసహ్యం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం కారొకటి వచ్చి ఆగింది. అతిథులు కాళ్లూ చేతులూ కడుక్కుని బల్ల ముందు కూర్చున్నారు. రొట్టెలు, కూర, గరిటె అన్నీ పెద్ద పళ్లెంలో సర్ది, తీసుకెళ్లి మస్తాన్ చేతుల్లో పెట్టాను.

"ఏందిది?"

"వండుడు నాది, కడుగుడు నాది. వాటిల్ల మార్కులు ఎన్నడు తగ్గలె. ఇయ్యాల్టి సంది వడ్డించుడు నీది."

"పిచ్చి లేసిందా? మార్కులు పోతయ్."

"నువ్వే నవ్వు. నిన్నెవ్వరు అడగరు, ఎవనికి నవ్వినవని."

లోపలినుంచి ఎవరో "ఏమయ్యా, భోజనం!" అని పిలిచారు. మస్తాన్ నా వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, వెళ్లాడు.

మార్కులు పోతాయని నాకూ తెలుసు. ఈ గదీ పోవచ్చు. కానీ బిజినేపల్లికి పోను. ఆ కంప్యూటర్ నాకు చెప్పిన మంచి మాట ఒకటుంది. నా వంటకు ఐదుకు ఐదు. ఆ ఐదూ సారువి కావు, మస్తాన్‌వీ కావు. అచ్చంపేటలోనో ఇంకెక్కడో ఒక పొయ్యి దొరక్కపోదు. షాజియాకు బడీ దొరక్కపోదు.

వంటింటి గడప మీద కాళ్లు చాపి కూర్చున్నాను. తలుపు సందులోంచి మస్తాన్ కనిపిస్తున్నాడు. వంగి కూర వడ్డిస్తూ, అతిథుల వైపు చూసి పళ్లు బయటపెట్టాడు.

పన్ను నొప్పి ఉన్నవాడిలా ఉన్నాడు.