చెయ్యని ఉద్యోగానికి రాజీనామా

తను రెండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడన్న సంగతి ధర్మేంద్రకి కోటబొమ్మాళి మీసేవలో తెలిసింది.

రాజాం దగ్గర కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీకి నలభైమంది ఫిట్టర్లు కావాలట. నిరుద్యోగ యువత కోసం సర్కారే దగ్గరుండి చేయిస్తున్న కార్యక్రమం. ఏడాది పని నేర్పించి, ఆనక పర్మినెంటు చేస్తారట. దరఖాస్తు నాటికి ఇరవై తొమ్మిది నిండకూడదు. ధర్మేంద్రకి నిండటానికి నెలా పది రోజులుంది. ఐటీఐ ఫిట్టరు సర్టిఫికెట్ పట్టుకుని ఎనిమిదేళ్ళుగా తిరుగుతున్నవాడికి ఇది తప్పితే మరో దారి లేదు. తీరా ఆధార్ నంబరు కొడితే కంప్యూటరు ఒప్పుకోలేదు. విజయనగరంలో ఫలానా బట్టల షాపులో సేల్స్‌మన్‌గా ఉన్నవాడు నిరుద్యోగి కాడని తేల్చేసింది. మాకు చెప్పకుండా ఎప్పుడు చేరిపోయావన్నా అని మీసేవ గోవింద్ నవ్వాడు. ధర్మేంద్రకి నవ్వు రాలేదు. షాపు పేరు చూడగానే బావ గుర్తొచ్చాడు.

బావంటే అతని అక్క ఈశ్వరి మొగుడు రమేష్‌బాబు. పాతపట్నంలో సర్కారు సొమ్ముతో యువతకి శిక్షణ ఇచ్చే కేంద్రాన్ని చూసుకుంటాడు. పంతులు కావాలని బీఈడీ చేసి, డీఎస్సీల కోసం కళ్ళు కాయలు కాసేదాకా చూసి, చివరికి నిరుద్యోగులకి ఉద్యోగాలిప్పించే ఉద్యోగంలో చేరాడు. అదీ కాంట్రాక్టు ఉద్యోగమే. శిక్షణ పొందినవాళ్ళలో నూటికి డెబ్బైమందిని ఎక్కడో ఒకచోట పనిలో చేర్చినట్టు చూపిస్తేనే మరుసటి ఏడు ఆయనకి ఆ కుర్చీ ఉంటుంది. రెండేళ్ళ కిందట పదకొండుమంది తక్కువపడ్డారు. చేర్చిన కుర్రాళ్ళు ఎక్కడో చెన్నైలో రోజుకి పన్నెండు గంటలు నిలబడలేక నెల తిరక్కుండానే రైలెక్కి వచ్చేశారు. అప్పుడు ఆయనకి బావమరుదులూ, చుట్టాల పిల్లలూ గుర్తొచ్చారు.

మన వైపు ఇంటల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనే అలవాటు లేదు. అల్లుడి మాట ఇక్కడ తీసేస్తే అక్కడ మన ఆడపిల్ల మొహం చిన్నబోతుందని భయం. ఓ మధ్యాహ్నం అత్తారింట్లో చేపల పులుసు తింటూ, ఒక ఫోటో దిగాలిరా అన్నాడు రమేష్‌బాబు. ధర్మేంద్ర ఎందుకని అడగలేదు. చెయ్యి కడుక్కుని వెంట వెళ్ళాడు. ఏదో బట్టల షాపు పేరున్న కాగితం ఇచ్చి పట్టుకోమంటే పట్టుకున్నాడు, నవ్వమంటే నవ్వాడు, చూపించిన రెండు చోట్లా సంతకాలు పెట్టి వచ్చేశాడు. మూడు నెలలు పోయాక పేరు తీయించేస్తానన్నాడు బావ. తీయించడం ఆయన మరిచిపోయాడు, అడగడం ఇతను మరిచిపోయాడు.

ఈ రెండేళ్ళూ ధర్మేంద్ర ఊళ్ళో పాడైన మోటార్లు బాగుచేశాడు. ఊడుపులప్పుడు అమ్మతో పాటు మడిలోకి దిగాడు. పేపర్లో ప్రకటన కనిపిస్తే చాలు, శ్రీకాకుళమనీ విశాఖపట్నమనీ తిరిగి ఉసూరుమంటూ ఇంటికొచ్చాడు. కంప్యూటర్లో మాత్రం వేరే ధర్మేంద్ర ఒకడు దర్జాగా చీరలు మడతపెడుతూనే ఉన్నాడు.

మర్నాడే టెక్కలి మీదుగా పాతపట్నం వెళ్ళాడు. సంగతి వినేసరికి రమేష్‌బాబు లేచి గది తలుపు దగ్గరగా వేశాడు.

"అబద్ధమని రాసిచ్చీవంటే ఎంక్వయిరీ వస్తాదిరా. పదకొండుమందివీ తిరగేస్తారు. మరి నాను ఇంటికే. మీ అప్పకి ఈ సంగతి తెల్దు" అన్నాడు.

ధర్మేంద్ర ఆ మనిషిని తిట్టాలని వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, కూతుళ్ళిద్దరు బడికి పోతున్నారు, చిరిగిన చొక్కా కాలరు తిప్పి కుట్టించుకున్నాడు. ఏమని తిడతాడు? బావే ఉపాయం చెప్పాడు. ఉద్యోగం మానేసినట్టు రాస్తే సరిపోతుంది.

పుట్టి బుద్ధెరిగాక ధర్మేంద్రకి ఒక్క ఉద్యోగమూ రాలేదు. రాని ఉద్యోగం వదులుకోవడమెలాగో అతనికి తెలియలేదు. ఒంట్లో బాగోలేదని రాస్తే రేపు ఫ్యాక్టరీవాళ్ళు తీసుకోరు. యజమాని బాగా చూడలేదని రాస్తే ఆ యజమాని ముద్ర వెయ్యడు. చివరికి బావ చెబుతుంటే, స్వంత ఇష్టంతో మానుతున్నానని రాసి సంతకం పెట్టాడు. బావ వారం రోజులు విజయనగరం చుట్టూ తిరిగి ముద్రలు వేయించుకొచ్చాడు. కంప్యూటరు కరుణించింది. నిరుద్యోగి అయినందుకు అంత సంబరపడ్డ మనిషిని గోవింద్ అంతకు ముందెన్నడూ చూడలేదు.

ఎంపిక విజయనగరంలో పెట్టారు. ముందు పని పరీక్ష. ఇనుపముక్కని ఆకురాయితో అరగదీసి గాడిలో సరిగ్గా కూర్చోబెట్టాలి. ఎనిమిదేళ్ళ తరవాత చేతికి ఆకురాయి తగిలితే ధర్మేంద్రకి ప్రాణం లేచొచ్చింది. ఫ్యాక్టరీ ఇంజనీరు ఆ ముక్కని వెలుతురుకి ఎత్తి చూశాడు. సందు కనపడలేదు. భుజం తట్టి, కాగితాలు చూపించుకోమని అవతలి గదికి పంపాడు. ఆ పది అడుగులూ నడుస్తుంటే ధర్మేంద్రకి అమ్మతో ఏమని చెప్పాలా అన్న ఆలోచన కూడా వచ్చేసింది.

అవతలి గదిలో కుసుమకుమారి గారని ఒక పెద్దావిడ కూర్చుంది. కాగితాలన్నీ తిరగేసి, రాజీనామా దగ్గర ఆగింది. ఇదివరకు సర్కారు ఖర్చుతో ఉద్యోగం పొందినవాళ్ళు తమంతట తాము మానేస్తే మళ్ళీ తీసుకోకూడదని నిబంధన ఉందట. కళ్ళజోడు తీసి ఎందుకు మానేశావని అడిగింది. ధర్మేంద్ర బల్ల మీది రాజీనామా వైపు చూశాడు.

ఆవిడ చెడ్డది కాదు. ఒక తెల్లకాగితం అతని ముందు పెట్టింది.

"ఇంజనీరు గారు నీ పని బాగుందన్నారు. షాపువాళ్ళే తీసేశారా, అసలు నువ్వు చేరనేలేదా? ఏది నిజమైతే అది రెండు ముక్కలు రాయి బాబూ. విచారణకి రాసి, అందాకా నీ సీటు ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతాను."

రెండు ముక్కలు. అవి అతనికి కంఠతా వచ్చు. పెన్ను తీశాడు, పైన తేదీ వేశాడు. తరవాత బావ కాలరు గుర్తొచ్చింది. మేనకోడళ్ళు గుర్తొచ్చారు. అప్ప పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేసినట్టు కూడా కళ్ళముందు కనిపించింది. బయట వరసలో ఉన్నవాళ్ళు గొణగడం మొదలెట్టారు. కాగితం మడిచి వెనక్కి ఇచ్చేశాడు.

"నాకే నచ్చలేదండి. మానీసినాను" అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. ఇప్పించిన ఉద్యోగం నిలబెట్టుకోరు, ఆనక ఉద్యోగాలు లేవని రోడ్డెక్కుతారు, మీ కోసం మేం ఎండల్లో ఊరూరూ తిరగాలి అని కాస్త గట్టిగానే చీవాట్లు పెట్టింది. వరసలో ముందున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. ధర్మేంద్ర తలొంచుకుని అన్నీ విన్నాడు. చెయ్యని తప్పుకి మాట పడుతున్నందుకు కాదు, ఆవిడ నమ్మేసినందుకు అతనికి ఏడుపొచ్చింది.

బస్టాండుకి వచ్చేసరికి ఈశ్వరి ఫోను చేసింది. అవ్వలేదని చెప్పాడు.

"మీ బావ నీ కాగితాలకని వారం రోజులు తిండి మానుకుని తిరిగాడు. నీకే పట్టుదల లేదురా. అమ్మకి ఏటని సెప్తావు?" అంది. ధర్మేంద్ర బస్సుల బోర్డులు చదువుతూ నిలబడ్డాడు. నోరు తెరిస్తే ఏదో ఒకటి బయటపడుతుందని అతని భయం.

ఇంతలో ఫోను చెయ్యి మారింది. వీధిలోకి నడిచిన చప్పుడైంది. బావ గొంతు బాగా తగ్గించాడు.

"అక్కడేటీ సెప్పీలేదు కదా?"

"లేదు బావా."

అవతల గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. నువ్వు మంచోడివిరా అన్నాడు రమేష్‌బాబు. ఫోను పెట్టేశాడు. ఉద్యోగం ఎందుకు రాలేదో అడగడానికి బావ మళ్ళీ చేస్తాడేమోనని ధర్మేంద్ర రెండు బస్సులు వదిలేసి అక్కడే కూర్చున్నాడు.