గొంతు మాత్ర

దీనా స్నానానికి వెళ్లింది. ఆమె ఫోన్ ఆగకుండా మోగుతుంటే తీశాను.

“ఏంది దీనా, గొంతు ఎట్లుంది? పదింటికి ఫిల్మ్‌నగర్ల ఉండాలె. నువ్ రాకుంటే మా హీరోయిన్ మూగదైతది!”

డబ్బింగ్ పనులు చూసే జగదీశ్. నేను దీనా వాళ్ల అమ్మనని చెప్పాను.

“నమస్తే టీచరమ్మా. జర ఆ గొంతు మాత్ర ఏసుకొమ్మని చెప్పుండ్రి. జాన్ బాబన్న చెప్పిన ఉపాయమే గదా.”

జాన్ బాబు నా భర్త. ఇరవై ఏళ్లు విలన్లకు గొంతు ఇచ్చారు. అరుపులున్న సీన్లు చెబితే గొంతు పోయేది. స్టెరాయిడ్ మాత్రతో తిరిగొచ్చేది. డబ్బింగ్ వాళ్లలో ఆ మాత్రలు పిప్పరమెంటు బిళ్లల్లా చేతులు మారతాయి. డాక్టరును ఎవరూ అడగరు. ఆయన ముఖం ఉబ్బితే, ఒళ్లు చేశారని ఆటపట్టించాను.

ఆ ఉబ్బు మాత్రల వల్లేనని తెలిసిన రోజు భయపడి మాత్రలన్నీ చెత్తబండిలో వేశాను. ఇక ముట్టనని మాట తీసుకున్నాను. ఆయన మాట తప్పలేదు. నాలుగో రోజు వాంతులతో పడిపోయారు. ఏళ్ల తరబడి వాడిన ఆ మందును ఒక్కసారిగా ఆపకూడదని ఆస్పత్రిలో చెప్పారు. అప్పటికే ఆయనకు స్పృహ లేదు. మళ్లీ రాలేదు.

దీనా బ్యాగు తెరిచాను. అదే మాత్రల అట్ట. రెండే మిగిలాయి.

తల తుడుచుకుంటూ వచ్చిన దీనా నా చేతిలోకి చూసింది. ఆమె బుగ్గలు ఉబ్బాయా, నాకే అలా కనిపిస్తోందా?

“ఎన్నాళ్లుగా?”

“ఎప్పుడో ఒకటి, అంతే...”

“దీనా.”

“రోజూ. ఐదు నెలలు.”

ఆమె బుగ్గలకేసి మళ్లీ చూశాను.

“అలా చూడకమ్మా, భయమేస్తోంది. ఇదిగో, పారేస్తున్నా. ఇక ముట్టను, సరేనా?” అట్ట లాక్కుని చెత్తబుట్ట వైపు నడిచింది.

“వద్దు!”

బడిలో కూడా ఎన్నడూ అలా అరవలేదు. దీనా బిగుసుకుపోయింది.

“మీ నాన్న కూడా ఇలాగే ఆపేశారు. నేనే ఆపించాను.”

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

“ఇవాళ్టిది వేసుకున్నావా?”

“లేదు. నిన్న కూడా వేసుకోలేదు. ఇవాళ డబ్బింగ్‌కని దాచుకున్నా. పొద్దున్నుంచి కడుపులో తిప్పుతోందమ్మా.”

వేసుకో అనడానికి నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు. అట్ట తీసుకుని, చెప్పులైనా సరిగా వేసుకోనివ్వకుండా దీనాను ఆటో ఎక్కించి ఆస్పత్రికి పోనిమ్మన్నాను. యూసుఫ్‌గూడ దాటేదాకా ఆమె మణికట్టు వదల్లేదు.

నాలుగోది కాదు, ఇంకా రెండో రోజే, రెండో రోజే అనుకుంటూ కూర్చున్నాను.