మసిగుడ్డగా రెండు నెలలు

నేను ఒక జుబ్బాని. పురుటి బిడ్డలకు తొడిగే జుబ్బాని. జానెడు పొడవుంటాను. బొత్తాలు లేవు, వెనక ముడివేయడానికి రెండు నాడాలున్నాయి. మిల్లు కూలీల ఇళ్ల వరసల్లో, అంటే లైన్లలో, ఉండే సన్యాసమ్మ ముప్పై ఏళ్ల కిందట తన పాత నేతచీర చెంగు చింపి నన్ను చేత్తో కుట్టింది. ఆమె జూట్ మిల్లులో కండెలు చుట్టేది. కుట్టు వంకరే గానీ చాలా గట్టిది.

మొదట నన్ను తొడుక్కున్నది ఆమె కూతురు. ఆ పిల్లకు జ్వరం కాదు గదా, జలుబు కూడా చేయలేదు. మా లైన్లలో పుట్టిన బిడ్డకు కొత్త బట్ట తొడగరు. బాగా పెరిగిన బిడ్డ విడిచిన పాతది అడిగి తెచ్చి తొడుగుతారు, ఆ ఆయుష్షు దీనికీ వస్తుందని. దాంతో నాకు గిరాకీ పెరిగింది. ఇరవై ముగ్గురు పిల్లలు నన్ను తడిపారు. బారసాల నాడు కొత్త చొక్కా రాగానే నన్ను ఉతికి సన్యాసమ్మ పెట్టెలోకి పంపేవారు. వాళ్లలో ఒకడు తర్వాత మిల్లులో మేస్త్రీ అయి, అందరి మీదా కేకలు వేసేవాడు. వాడు నా మీద చేసిన పనులు చెబితే తల ఎత్తుకోలేడు.

నాకు ఒక్కటే నియమం. బిడ్డ ఏడుపు వినబడ్డాకే నేను పెట్టె దిగాలి.

ఆ నియమం ఒక్కసారి తప్పింది. పక్కింటి నూకరత్నానికి మొదటి కడుపు అయిదో నెలలో పోయింది. రెండోసారి నొప్పులు మొదలవగానే సన్యాసమ్మ ఆత్రం పట్టలేక నన్ను తీసుకుని వాళ్ల గుమ్మం దాకా వెళ్లింది. బిడ్డ ఏడవలేదు. ఆ గుమ్మం దగ్గర్నుంచే నన్ను వెనక్కి తెచ్చేసింది. నూకరత్నం అది చూసింది. ఆ తర్వాత చాలాకాలం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకోలేదు.

నూకరత్నానికి మూడోసారి ఏడో నెల నడుస్తుండగా మిల్లుకు తాళం పడింది. లైన్లలో ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నూకరత్నం మొగుడు తవుడు రోజూ మొదటి బస్సుకి విశాఖపట్నం వెళ్లి ఇటుకలు మోసి వచ్చేవాడు. సన్యాసమ్మను కూతురు సూరత్ రమ్మంది. వెళ్లే ముందురోజు ఆమె నన్ను కొంగులో దాచుకుని పక్కింటికి వచ్చింది.

"రేపు ఎల్లిపోతన్నానే. దీన్నేటి సెయ్యమంటావు?"

నూకరత్నం రెండడుగులు వెనక్కి వేసింది. "నాకొద్దు పిన్నీ. ముందే ఇంట్లోకొస్తే ఏటవుతాదో నానెరగనా? అట్టుకెల్లిపో."

సన్యాసమ్మ గడప మీదే కూలబడి అడిగింది. "నీ మొగుడికి తవుడని పేరెందుకెట్టేరే?"

"ఆడికి ముందు పుట్టినోలు ఇద్దరు పోయేరని."

"తవుడు ఎవులికి కావాల? అందుకే ఆడు బతికేడు. ఇది జుబ్బా కాదు, మసిగుడ్డ. నీకు మసిగుడ్డ ఇచ్చీసి పోతన్నాను. ఎవులడిగినా అదే సెప్పు."

ఇద్దరూ నవ్వలేదు. నూకరత్నం చెయ్యి చాపింది.

నాకు ఒళ్లు మండింది. ఇరవై ముగ్గురిని పెంచినదాన్ని, పొయ్యి పక్కన మేకుకు తగిలించారు! ఇక ఏ గిన్నె మసి నా ముఖాన పడుతుందోనని రోజూ బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని. గంజి వార్చే వేళకు నూకరత్నం చెయ్యి నా దాకా వచ్చేది. ఆగేది. గభాలున గిన్నెను వట్టి చేతులతోనే దించి, వేళ్లు ఊదుకునేది. ఒక్కోసారి చీరచెంగు అడ్డం పెట్టేది, ఎక్కువసార్లు అదీ లేదు. వేళ్ల కొసలు బొబ్బలెక్కాయి.

"ఎదురుగా మసిగుడ్డ ఉన్నాది కదే, అట్టుకోవేటి?" అనేవాడు తవుడు.

"మరిసిపోనాను," అనేది.

రోజూ మరిచిపోయేది. కడుపుతో ఉన్నవాళ్లకు మతిమరుపు మామూలేనని అతను సరిపెట్టుకున్నాడు. శనివారం శనివారం నన్ను వేడినీళ్లలో ఉడికించి, ఎండలో ఆరేసి, మళ్లీ అదే మేకుకు తగిలించేది. మసిగుడ్డకు ఇంత వైభోగం ఎక్కడా చూడలేదు. లోపల బిడ్డ తన్నినప్పుడు పొట్ట మీద చెయ్యి వేసుకుని నావైపు చూసేది, వెంటనే ముఖం తిప్పేసుకునేది. అప్పటికి నా కోపం పోయింది. జాలేసింది. ఆమె కంటే ఎక్కువగా నేనే రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున్న నొప్పులు వచ్చాయి. ఆటోలో పెద్దాసుపత్రికి వెళ్లారు. నన్ను తీసుకెళ్లలేదు. మేకుకు వేలాడుతూ మధ్యాహ్నం దాకా గుమ్మం వైపే చూశాను.

ఆసుపత్రిలో జరిగింది తవుడు తర్వాత పదిమందికి చెప్పగా విన్నాను. బిడ్డ ఏడిచింది. వరండా చివరిదాకా వినబడేలా ఏడిచింది. మెత్తటి పాతబట్ట ఏదైనా ఉందా అని నర్సమ్మ అడిగితే, నూకరత్నం మొగుణ్ని పిలిచి, "ఇంటికెల్లి పొయ్యికాడ మసిగుడ్డ అట్టుకురా," అందట. పెళ్లానికి మతి చలించిందని అతను హడలిపోయాడు.

రొప్పుతూ వచ్చి నన్ను మేకు మీంచి లాగాడు. విదిల్చాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రెండు నెలలు పొయ్యి పక్కనున్న మసిగుడ్డకు ఒక్క మసి మరక లేదు. నాడాలు రెండూ చేతిలోకి జారాయి. అప్పుడు అతనికి పెళ్లాం వేళ్లు గుర్తొచ్చినట్టున్నాయి. మిల్లు మూసిన రోజున కూడా ఏడవని మనిషి పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నన్ను తడిపిన ఇరవై నాలుగో మనిషి అతనే.

బిడ్డతో ఇంటికి వచ్చిన మూడో రోజున సూరత్ నుంచి ఫోన్ వచ్చింది. సన్యాసమ్మ భయం భయంగా అడిగింది. "మసిగుడ్డ పనికొచ్చినాదేటే?"

"మసిగుడ్డేటి పిన్నీ, జుబ్బా!" అంది నూకరత్నం గట్టిగా, లైన్లో మిగిలిన నాలుగిళ్లకూ వినబడేలా. "నీ మనవరాలు ఇప్పుడే తడిపీసినాది."

మిల్లు తాళం ఇంకా తీయలేదు. నేను మాత్రం దండెం మీద ఆరుతున్నాను, నా సొంత పేరుతో.