కడగని సీసా

వేసవి శిక్షణలో చేరిన మొదటి రోజే ఆ పిల్లకు సబ్బుబిళ్ళ అని పేరు పడిపోయింది. పడదూ మరి? వాళ్ళమ్మ ఆపరేషన్ థియేటర్ నర్సు. మోచేతుల దాకా రుద్ది కడుక్కోనిదే కంచం ముందు కూర్చోనివ్వదు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల డిగ్రీ రెండో ఏడు సెలవుల్లో, ఏరికోరి, పేడనీళ్ళ నుంచి గ్యాస్ తీసే ల్యాబులో చేరింది.

పని చెప్పుకోవడానికి తేలికే. క్యాంటీన్లో మిగిలిన తిండి సీసాలో వేసి, పెద్ద ట్యాంకులోని పేడనీళ్ళు కలిపి, మూతికి బెలూన్ తగిలించాలి. లోపలి సూక్ష్మజీవులు ఆ తిండి తిని గ్యాస్ వదిలితే బెలూన్ ఉబ్బుతుంది. చివరి రోజు ఎవరి గ్యాస్‌తో వాళ్ళు మంట వెలిగించి చూపాలి. శిక్షణకు వచ్చినవాళ్ళలో ఒకరిని ఏడాది పొడవునా తన ల్యాబులో ఉంచుకుంటానన్నారు మేడమ్. ఆ ఒక్క చోటు మీదే సబ్బుబిళ్ళ ప్రాణమంతా.

అందరి బెలూన్లూ ఉబ్బాయి. ఆమెది మాత్రం అలిగిన మూతిలా వేలాడుతూనే ఉంది.

"నీ సీసా ఉపవాసం ఉందా ఏంటి?" అన్నాడు పక్క బల్ల దగ్గరి పొడుగు కుర్రాడు.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకుంది.

"అసలు సీసా సరిగ్గా కడిగావా?" అంది అమ్మ. ఆవిడ దృష్టిలో ఏ రోగానికైనా మందు అదొక్కటే.

"మందునీళ్ళతో కడిగానమ్మా. ఆ పేడనీళ్ళు కూడా కుతకుతా మరిగించే పోశాను. అందులో ఒక్క క్రిమి బతికుంటే ఒట్టు..."

అని ఆగిపోయింది.

"అమ్మా, మరిగే పాలలో తోడేస్తే తోడుకుంటాయా?"

"ఎందుకు తోడుకుంటాయే," అంది అమ్మ నీరసంగా, తప్పంతా తనదే అయినట్టు.

మర్నాడు సిగ్గు విడిచి పొడుగు కుర్రాడి దగ్గరికి వెళ్ళి, "కాస్త తోడు పెట్టవా," అని అడిగింది. వాడు పడీపడీ నవ్వాడు గానీ, తన సీసాలోంచి సగం వంచి ఇచ్చాడు. పోటీలో ఉన్నవాడు అలా ఇస్తాడని ఆమె అనుకోలేదు. కొంచెం చేతిమీద ఒలికింది. కుళాయి వైపు మనసు లాగుతున్నా ముందు బెలూన్ బిగించింది.

చివరి రోజు తల్లిదండ్రులందరూ వచ్చారు. సబ్బుబిళ్ళ బెలూన్ పిడికిలంత ఉంది. దాన్ని సీసా నుంచి విప్పుతుంటే చేతికి పేడనీళ్ళు అంటాయి. అగ్గిపుల్ల పెడితే నీలంగా చిన్న మంట లేచి, అందరూ చూసేలోపే ఆరిపోయింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంత తక్కువ వచ్చిందేం?" అన్నారు మేడమ్.

దాచకుండా మొత్తం చెప్పేసింది. గది గొల్లుమంది. మేడమ్ కూడా నవ్వాపుకోలేకపోయారు.

"మంట అందరూ వెలిగించారు. అది ఎలా ఆరిపోతుందో తెలిసినదానివి నువ్వొక్కదానివే. ఇక్కడే ఉండు. నా ట్యాంకు మాత్రం కడక్కు."

అమ్మ అలవాటు కొద్దీ సంచిలోంచి చేతులు తుడిచే మందు తీసింది. కూతురి మొహం చూసింది. మందు మళ్ళీ సంచిలో పడేసి, ఆ పేడచేతిని అలాగే పట్టుకుంది.

"ఇంటికెళ్ళాక కడుక్కుందువులే," అంది.