దుప్పటి చెరో కొసా

పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే హాలు పెద్దక్కది. కాగితం మీద ఆమె సూపర్‌వైజరే గానీ, ఆ మాట గోడ మీది బోర్డు దాటి ఎవరి నోటికీ రాలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ హాల్లో పుట్టిన ఏ తగాదా పై ఆఫీసు మెట్లెక్కలేదని ఆమెకి గొప్ప. దానికి ఆమె దగ్గర ఒక్కటే మందు. పోట్లాడుకున్న ఇద్దరినీ పిలిచి, ఆరిన దుప్పటి చెరో కొసా చేతికిచ్చేది. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఎదురెదురుగా నిలబడి లాగాలి, దులపాలి, నడిచొచ్చి అంచుకి అంచు కలపాలి. దుప్పటికి రెండుసార్లు మొహంలో మొహం పెట్టాల్సిందే. ఎంత పగైనా యాభై దుప్పట్లు దాటదని పెద్దక్క లెక్క. చాలాసార్లు అది నిజమే అయింది. మొగుళ్ళ మీది కోపం కూడా ఇక్కడే మడతపెట్టి పోతున్నామని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

పుర్రచేతామె విషయంలోనూ పెద్దక్క అదే మందు వేసింది.

ఎడమచేతివాటం కాబట్టి ఆమెకా పేరు. ఆరేళ్ళుగా ఆ హాల్లోనే ఉంది. మాట తక్కువ, పని ఎక్కువ. ఇస్త్రీ యంత్రం నడిపేవాడు పెద్దక్కకి ఆడపడుచు కొడుకు. ఉద్యోగానికి మాటసాయం చేసిందీ పెద్దక్కే. చెయ్యి లోపలికి పోతే యంత్రాన్ని ఆపే కడ్డీ ఒకటుంటుంది. పని తొందరగా తెమలాలని వాడు దాన్ని గుడ్డపీలికతో కట్టేశాడు. పుర్రచేతామె చూసి విప్పమంది. విప్పకపోతే పెద్దక్కతో చెప్తానంది. వాడు బట్టల ట్రాలీని ఆమె మీదికి తోశాడు. మోకాలి కింద చర్మం లేచిపోయింది. పడబోతున్న మనిషి మణికట్టు పట్టి మెలితిప్పాడు.

పెద్దక్క పరుగున వచ్చి ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. పీలిక విప్పించింది, గాయానికి మందు రాసింది. ముప్పై దాటినవాడిది కుర్రతనమని సర్దిచెప్పుకుంది. ఆడపడుచు మొహం కూడా ఒకసారి కళ్ళ ముందు మెదిలింది. పొద్దున యంత్రం వేడెక్కేలోపు వాడూ మడతల పనికే వస్తాడు కాబట్టి, మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే దుప్పటి పట్టాలని తీర్పు చెప్పేసింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక పుర్రచేతామె ఆగింది. “అక్కా, నన్ను ఇంకెవరితోనైనా వెయ్యండి.”

“వాడేమన్నా పులా, నిన్ను నమిలెయ్యడానికి? నాలుగు రోజులు పోతే మీరే నవ్వుకుంటారు” అని పెద్దక్కే ముందు నవ్వేసింది.

మూడు రోజులు గడిచాయి. దూరం నుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. అరుపుల్లేవు, దుప్పట్లు దొంతర్లు దొంతర్లుగా లేస్తున్నాయి. వాడి పెదవులు కదలడం చూసి మాటలు కలిశాయని పెద్దక్క మురిసిపోయింది. ఇంటికెళ్ళి మొగుడికి చెప్పుకుంది కూడా.

నాలుగో రోజు వాడు ఆలస్యం చేశాడు. రెండో కొస పట్టేవాళ్ళు లేక పెద్దక్కే పట్టింది. లాగారు, దులిపారు. అంచులు కలపడానికి పెద్దక్క నడిచొస్తుంటే పుర్రచేతామె కళ్ళు గట్టిగా మూసుకుంది. భుజాలు చెవుల దాకా లేచాయి. రెండో దుప్పటికీ అంతే. మూడోదానికి చేతుల్లోంచి అంచు జారిపోయింది.

పెద్దక్క దుప్పటి బల్ల మీద పడేసింది. “వాడు నీతో ఏమంటున్నాడు?”

ఆమె చెప్పింది గానీ గొంతు పెంచలేదు. దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఒక్కో మాటేనట, అదీ నవ్వు మొహంతో. నీ బస్సు ఎన్నింటికో తెలుసు. నీ కూతురి బడి గేటు ఏ సందులోకి తెరుచుకుంటుందో తెలుసు. నీ మొగుడు ఊళ్ళో ఉండడనీ తెలుసు.

“నిన్న బస్టాపులో నా వెనకే వచ్చి నిలబడ్డాడక్కా.”

పెద్దక్కకి అప్పుడు అర్థమైంది. తగాదా అయితే ఇద్దరిదీ. ఇక్కడ ఒకడు కొట్టాడు, ఒకామె దెబ్బ తింది. ఆ దెబ్బ తిన్న మనిషిని రోజుకి వందసార్లు వాడి మొహం ముందు నిలబెట్టింది తనే. పిల్లినీ ఎలుకనీ ఒకే గంప కింద మూసి, చప్పుడు లేదు గనక స్నేహం కుదిరిందనుకుంది.

వాడు వచ్చాడు. పెద్దక్క గుమ్మంలోనే ఆపి, గేటు దగ్గర కాపలావాళ్ళ గదిలో కూర్చోమంది.

“ఇంటి గుట్టు రచ్చకీడుస్తావా అత్తా? అమ్మకేం చెప్తావు?” అన్నాడు.

“నువ్వు చెయ్యి మెలితిప్పింది మనింట్లో కాదురా. ఇక్కడ. ఇక్కడే తేలాలి.”

పుర్రచేతామెని వెంటబెట్టుకుని పై ఆఫీసు మెట్లెక్కింది. అక్కడి అధికారి నెమ్మదస్తుడు. అంతా విని, విచారణ తేలేదాకా వాడు గేటు లోపల అడుగుపెట్టకూడదన్నాడు. ఎందుకైనా మంచిదని ఆమెని కింది కుట్టు గదికి మారుద్దామన్నాడు. పుర్రచేతామె తల దించుకుంది.

“దెబ్బ తిన్నదీ ఆమే, చోటు వదలాల్సిందీ ఆమేనా సార్? ముందు ఆమెని అడగండి” అంది పెద్దక్క.

ఆయన అడిగాడు. తన హాలే తనకి కావాలందామె. కాపలావాళ్ళకి చెప్పడం, బస్సెక్కేదాకా తోడు పంపడం, బడికి కబురు చెయ్యడం అప్పటికప్పుడే కుదిరాయి. తర్వాత ఆయన పెద్దక్క ముందు ఒక కాగితం పెట్టాడు. సంగతి మీకు ఎప్పుడు తెలిసిందని అందులో ఒక గడి ఉంది. ఈ రోజే అని రాస్తే కాదనేవాళ్ళు లేరు, పక్కనున్న మనిషి తప్ప. ఆ మనిషి కిటికీలోంచి బయటికి చూస్తోంది. పెద్దక్క కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మొదటి రోజే తెలుసనీ, ఇద్దరినీ ఒకే దుప్పటికి వేసింది తానేననీ, మార్చమంటే నవ్వాననీ రాసి సంతకం పెట్టింది. ఇరవై రెండేళ్ళ గొప్ప మూడు వరుసల్లో కొట్టుకుపోయింది.

ఆ సాయంత్రమే పెద్దక్క ఇంటికి ఆడపడుచు వచ్చింది. లోపలికి రాకుండా, “పరాయిదాని కోసం సొంతవాడి నోట్లో మట్టి కొట్టావు వదినా” అని గుమ్మం నుంచే వెనక్కి మళ్ళింది. మొగుడు ఆ పూట మాట్లాడకుండా అన్నం తిన్నాడు.

పుర్రచేతామె రెండు రోజులు పనికి రాలేదు. మూడోనాడు వచ్చింది, కాలు కొంచెం ఈడుస్తూ. పెద్దక్క ఎన్నో మాటలు కూర్చిపెట్టుకుంది. తీరా ఎదురుపడితే, తప్పు నాదే అన్న ముక్క తప్ప ఏదీ పైకి రాలేదు.

“మీరు రాసింది చూశానక్కా” అందామె. “కానీ ఆ రోజు నవ్వారు చూడండి, అది మాత్రం నాకింకా పోలేదు.”

పెద్దక్క తలూపింది. ఎవరితో కొస పట్టుకుంటావో నువ్వే చెప్పమంది. పుర్రచేతామె హాలంతా కలయజూసింది. పెద్దక్క చేతులు ఖాళీగానే ఉన్నాయి. తనవైపు చూస్తుందేమోనని చిన్న ఆశ.

“ఆ చివర చెముడు ముసలమ్మతో” అందామె.

పెద్దక్క పక్కకి తప్పుకుని దారిచ్చింది.