వాడనిది ఉమ్మేసే పెట్టె

వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పిన్ని ఆ శనివారం పని పెందలాడే ముగించింది. మిషను మీద గుడ్డ కప్పి, మొగుణ్ణి రెక్క పుచ్చుకుని సూట్‌కేసుల కొట్టుకి లాక్కెళ్ళింది. మర్నాడు పొద్దున్నే రైలు. అది దిగి, వంతెనెక్కి, అవతలి ప్లాట్‌ఫారం మీద రెండో రైలు అందుకుంటే రేవు. రేవులో పడవెక్కితే తిమింగలాలు! ఏడాదికోసారి అవి అటుగా వస్తాయని కళ్ళజోడు చేయించుకోడానికొచ్చిన ఓడ సరంగు ఒకాయన చెప్పినప్పట్నుంచీ పిన్నికి అదే ధ్యాస.

ఆమెని వీధంతా పిన్ని అనే పిలుస్తుంది. వాళ్ళాయన్ని మాత్రం ‘ఎందుకైనా మంచిది బాబాయి’ అంటుంది. ఎండ కాస్తున్నా గొడుగు తీసుకెళ్తాడు. ఆ గొడుగు విరిగితే ఎలా అని ఇంకో గొడుగు. ఇంతకుముందు రెండుసార్లు ఇద్దరూ ఈ ప్రయాణానికే బయల్దేరారు. రెండుసార్లూ ఆ వంతెన మెట్ల మీద బాబాయి పెట్టెలు దించుకుని ఆయాసపడుతూ కూర్చుంటే, కింద రెండో రైలు కూతేసి వెళ్ళిపోయింది. ఈసారీ తప్పిపోతే ఇక తిమింగలాల ఊసే ఎత్తనని పిన్ని ఒట్టేసుకుంది. పిన్ని మొండితనం తెలిసినవాళ్ళెవరూ ఆ ఒట్టుని తేలిగ్గా తీసుకోరు.

“చేత్తో పట్టుకుని మెట్లెక్కేలా ఉండాలి,” అంది కొట్టులో.

“నాలుగు చక్రాలది నున్నటి నేల మీదే పరిగెడుతుందమ్మా. మెట్లూ గతుకులూ ఉంటే ఈ రెండు పెద్ద చక్రాలది తీసుకోండి,” అన్నాడు కొట్టాయన. “ఇది ఉమ్మే రకం. ప్రయాణంలో వాడని వస్తువు పెడితే ఉమ్మేస్తుంది.”

“జిప్పు గట్టిదేనా?” అన్నాడు బాబాయి అనుమానంగా.

“జిప్పుకి పూచీ నాది.”

“ఉమ్మితే బట్టలు తడవ్వు కదా?” అంది పిన్ని.

“పొడిగానే ఉమ్ముతుందమ్మా. తడిగా ఉమ్మేవి నాసిరకం.”

సాయంత్రం మంచం మీద పెట్టె తెరిచారు. పిన్ని తన బట్టలు మడత పెట్టకుండా చాపల్లా చుట్టి వరసగా పేర్చింది. బూట్లలో సాక్సులు కుక్కింది. లావుపాటి కోటు తొడుక్కునే వెళ్ళొచ్చని కొక్కేనికి తగిలించింది. పెట్టె కిక్కురుమనలేదు.

బాబాయి ఇస్త్రీపెట్టె తెచ్చాడు. “ఎందుకైనా మంచిది.”

తూ! ఇస్త్రీపెట్టె వెళ్ళి తలుపుకి కొట్టుకుంది. తాడు పెట్టాడు, తూ! దిండు పెట్టాడు, అది ఫ్యాను దాకా ఎగిరింది. చప్పుడు విని పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది.

“మీరూ ఉమ్మేదే కొన్నారా పిన్నీ? మాది దువ్వెన పెడితే చాలు, ఊరుకోదు. మా ఆయనకి బట్టతల కదా!”

పిన్నికి నవ్వాగలేదు. పెట్టెని చిటికెన వేలితో ఎత్తి చూసుకుని మురిసిపోయింది. “ఇక మీ చొక్కాలివ్వండి, అయిపోతుంది.”

బాబాయి చొక్కా పెట్టింది. తూ! ఇంకోటి పెట్టింది. తూ! ప్యాంటు, తువ్వాలు, ఆఖరికి పళ్ళు తోముకునే బ్రష్షు కూడా మంచం కిందికి ఎగిరిపోయింది. పిన్ని గబుక్కున ఆయన నుదుటి మీద చెయ్యేసి చూసింది.

“ఏమండీ, ఒంట్లో ఏమైనా బాగాలేదా? నా దగ్గర దాచకండి.”

బాబాయి మంచం అంచున కూలబడ్డాడు. “ఒంట్లో బాగానే ఉందే. నాకే రావాలని లేదు. నీళ్ళంటే చచ్చేంత భయం. పడవని తలుచుకుంటేనే కాళ్ళు వణుకుతాయి. మెట్ల మీద నాకు ఆయాసమూ లేదు, పాడూ లేదు. కావాలనే కూర్చున్నాను.”

“రెండుసార్లూనా?”

“రెండుసార్లూ.”

పిన్ని చేతిలో ఉన్న చొక్కా ఆయన మొహాన కొట్టింది. “ఒక్క ముక్క చెప్పొచ్చుగా!”

“చెప్తే నువ్వూ మానేస్తావు. నావల్ల మానేశావన్న మాట నేను పడలేను.”

“మానేస్తానని మీకు మీరే అనేసుకున్నారా? నన్నడిగారా?”

అడగలేదు. అడగొచ్చన్న సంగతే ఆయనకి తట్టలేదు.

“ఒక్కదానివీ వెళ్తావా?” అన్నాడు చొక్కా మొహం మీంచి తీసి.

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ ఆమెనడగలేదు. తనని తను కూడా అడిగి చూసుకోలేదు. పెట్టెలోకి చూసింది. సగం పెట్టె ఖాళీ. మిగతా సగంలో తన బట్టలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పిన్నికి కోపం, భయం, సంతోషం మూడూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. చివరికి సంతోషమే నెగ్గింది.

“వెళ్తాను,” అని టక్కున జిప్పు లాగేసింది.

మర్నాడు ఆ వంతెన మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కి దిగేసింది. రెండో రైలు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. కిటికీ పక్కన కూర్చుని, పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఊపిరి పీల్చుకుందో లేదో రైలు కూతేసి కదిలింది.

“ఒక్కరే వెళ్తున్నారా అమ్మా?” అన్నాడు ఎదుటి సీట్లో పెద్దాయన.

“ఒక్కదాన్నేనండీ, తిమింగలాల్ని చూడ్డానికి!” అంది పిన్ని, బోగీ అంతా తలతిప్పి చూసేంత గట్టిగా.